ముద్ర లేని చీటీ

రెండో తరగతి తప్పి బడి మానేసినదాన్ని, డెబ్బై ఒకటో ఏట నేరుగా నాలుగో తరగతి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. పరీక్ష ఎవరూ పెట్టలేదు. కొండమీద అడవి అంటుకుని, మంట ఎగువ వీధిలోకి దిగి, నలభై ఇళ్ళతో పాటు మా ఇంటినీ బూడిద చేసి పోయింది. మిగిలిన మమ్మల్నందరినీ తీసుకెళ్ళి బడిలో పెట్టారు. గదికి ఆరు కుటుంబాలు. తాళ్ళమీద దుప్పట్లు వేలాడదీసి, ఇవే గోడలనుకోండి అన్నారు. మా దుప్పటికి ఇవతల నేను, నా మరిది, అతని భార్య. అవతల, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, దర్జీగారి భార్య ఒక్కతే. దర్జీగారు ఆ మంటలోనే పోయారు. ఊరు మొత్తానికి పోయిన ప్రాణం అదొక్కటే.

నేను చెప్పబోయేది మా మరిది భార్య గురించి. నా తోడికోడలు. ఊళ్ళో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మైకమ్మ ఇల్లెక్కడ అంటే మాత్రం గుమ్మం దాకా తెచ్చి దింపేవారు.

ఊరి ఆఫీసులో మెట్ల కింద ఒక ఇరుకు గది ఉండేది. అందులో ఒక స్టూలు, ఒక మైకు, ఎదుటి గోడ తప్ప మరేమీ కనపడని కిటికీ. ఇరవై రెండేళ్ళు మైకమ్మ అక్కడ కూర్చునే ఊరికి కబుర్లు చెప్పింది. వీధి స్తంభాలమీద పధ్నాలుగు లౌడుస్పీకరు గొట్టాలు. నీళ్ళు ఎన్నింటికి వదులుతారు, కరెంటు ఎప్పుడు తీస్తారు, టీకాలు ఎక్కడ వేస్తారు, ఎవరి తాళంచెవి ఎక్కడ దొరికింది, అన్నీ ఆ నోటినుంచే రావాలి. గోటితో మైకుమీద రెండుసార్లు కొట్టేది. "ఊరివారికి ఒక మాట" అని మొదలుపెట్టేది. ఏ సంగతైనా మూడుసార్లు చదివేది. ఇంట్లో మాత్రం ఏదీ రెండోసారి చెప్పేది కాదు. ఉప్పు ఎక్కడ పెట్టావే అంటే, చెప్పానుగా అక్కా అనేది. ఆ గొంతంటే నాకు లోపల కుళ్ళు ఉండేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేం లేదు. నేను గొంతు చించుకున్నా పక్కింటివాళ్ళు పలికేవారు కారు. ఆమె గొట్టంలో దగ్గితే ఊరంతా చేతిలో పని ఆపేది.

ఆమెకొక నియమం ఉండేది. గుండ్రటి ముద్ర లేని కాగితం చదివేది కాదు. దానికో కారణముంది. పనిలో చేరిన కొత్తలో, ఎవడో చేతిలో పెట్టిన కాగితం నమ్మి, పాత పోస్టుమాను పోయాడని మూడుసార్లు చదివేసింది. పావుగంటలో ఆ పోస్టుమానే చెప్పులు టపటపలాడించుకుంటూ ఆఫీసుకొచ్చి, నేను పోయిన సంగతి ముందు నాకు చెప్పాలా వద్దా అని పెద్దగుమస్తాని నిలదీశాడు. ఆయనతో తగువున్నవాడెవడో చేసిన పని అది. ఊరు నెల్లాళ్ళు నవ్వింది. ఆ నెల్లాళ్ళూ మైకమ్మ తల దించుకునే నడిచింది. అప్పుడు పెద్దగుమస్తా ముద్ర నియమం పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు. మా మరిది బస్సు డ్రైవరు. ఒకసారి, రేపు బస్సుల్లేవని చెప్పవే అని తనే వెళ్ళి అడిగితే, ముద్ర ఏదీ అంది. మొగుణ్ణే కదే అన్నాడు. మొగుడిమీద ముద్ర లేదు అంది. ఆ మాట చెప్పుకుని మేం చాలా ఏళ్ళు నవ్వాం.

మంట వచ్చిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ముద్ర ఉన్న కాగితం వచ్చింది. మంట కొండకి అవతలి వైపు ఉంది, ఎవరూ బయటికి రావద్దు, తలుపులు కిటికీలు మూసుకుని ఇళ్ళలోనే ఉండండి, రోడ్డు ఫైరింజన్లకి వదలండి. పావుగంటకోసారి అదే చదివింది. ఆ కిటికీలోంచి గోడే తప్ప ఆకాశం కూడా కనపడదని ముందే చెప్పాను. మాకు ఎగువ వీధిలో ఆకాశం కనపడుతూనే ఉంది. అది మొదట పసుపు, తర్వాత ఎరుపు. చివరికి మంట కొండ నెత్తిమీదికి రాగానే ఎవరి మాటా వినకుండా పరుగెత్తాం. నేను మా దర్జీగారి కిటికీ తట్టి మరీ పిలిచాను. తడి గుడ్డలు తలుపు సందుల్లో కుక్కుతూ ఆయన లోపలినుంచే జవాబిచ్చాడు.

"మైకు ఇంట్లోనే ఉండమంది కదమ్మా. మారితే అదే చెబుతుంది."

ఆయన భార్య అప్పటికి దిగువ వీధిలో ఉంది. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళింది.

ఇదంతా ఊరికి తెలిసిందే. తెలియనిది ఇంకొకటి ఉంది. అది బడిలోకొచ్చిన రెండో వారంలో నాకు తెలిసింది. గదిలో వాళ్ళందరూ నీళ్ళ బండి దగ్గరికి బిందెలతో వెళ్ళారు. నా మోకాళ్ళు నొప్పిగా ఉండి నేను వెళ్ళలేదు. మైకమ్మ కూడా వెళ్ళలేదు. మంట రోజునుంచీ ఆమె నోట మాటే తక్కువైంది, ఆఫీసుకీ పోవడం లేదు. దుప్పటి దించి, జాకెట్టులోంచి ఒక చీటీ తీసి నా ఒళ్ళో పెట్టింది. చెమటకి తడిసి ఆరి, అప్పడంలా అయింది. నాకు చదవడం గబగబా రాదని ఆమెకి తెలుసు, అందుకే తనే చెప్పింది. ఫైరింజను మనిషి మోటారుసైకిలు మీద వచ్చి విసిరేసిపోయిన చీటీ అది. ఎగువ వీధి వెంటనే ఖాళీ చేయించండి అని ఉంది. అది వచ్చింది సరిగ్గా మూడు గంటలకి. ముద్ర సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి పెద్దగుమస్తా జేబులో ఉంది, పెద్దగుమస్తా వంతెన దగ్గరున్నాడు. ఫోను కలవలేదు. కబురంది ఆయన పరుగెత్తుకొచ్చి ముద్ర కొట్టేసరికి మూడూ ఇరవై అయిదు. అప్పుడు చదివింది. అప్పటికి ఎగువ వీధిలో వినడానికి గొట్టాలూ లేవు, మనుషులూ లేరు, ఒక్కడు తప్ప.

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. నోరు మూసుకో అన్నాను. పోయినవాడు ఎలాగూ రాడు, నీ ఉద్యోగం పోతుంది, మన ఇంటి పరువు పోతుంది, దుప్పటి అవతల ఉండేది దర్జీగారి భార్య, మనం ఎక్కడికి పోతాం అన్నాను. నిజంగానే ఎక్కడికీ పోవడానికి లేదు. కొండమీదికి తాడు కట్టేసి అడవిశాఖ గార్డుల్ని కాపలా పెట్టారు. కిందికి పోదామంటే వంతెన వేడికి బీటలిచ్చింది, నీళ్ళ బండి లాంటి చిన్న బండ్లనే వదులుతున్నారు. బస్సులన్నీ డిపోలో నిలబడిపోయాయి. మా మరిది రోజూ పొద్దున్నే డిపోకి వెళ్ళి, నడపని బస్సు అద్దం తుడిచి వచ్చేవాడు. కిటికీ తీస్తే బూడిద, మూస్తే ఉక్క. పిల్లల బల్లల్లో మోకాళ్ళు దూరేవి కావు. రాత్రింబవళ్ళు ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడేది, దుప్పటి అవతల దర్జీగారి భార్య పక్కకి ఒత్తిగిలితే ఆ చప్పుడు కూడా మాకు తెలిసేది. అలాంటి చోట అలాంటి రహస్యాన్ని నేనూ నా తోడికోడలూ నోట్లో పెట్టుకుని కూర్చున్నాం. మింగలేం, ఉమ్మలేం.

కబుర్లు లేని ఊరు పుకార్లు తింటుంది. గొట్టాల తీగలు కాలిపోయాయి, మైకమ్మ పలకడం లేదు. కొండ ఆరు నెలలు మూస్తారని గార్డు ఒకటో తరగతి గదిలో చెబితే, ఐదో తరగతికి వచ్చేసరికి ఆరేళ్ళయింది. మన స్థలాలు ఎవరికో అమ్మేశారట అన్నారు. ఆ మాటతో ఇద్దరు మగవాళ్ళు తాడు దాటి కొండెక్కబోయి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. పైన నేల బాగానే ఉన్నట్టు కనపడుతుంది, అడుగేస్తే లోపల కాలిపోయిన చెట్టువేళ్ళ బొరియలు.

ఆ గార్డు మంచివాడు, కాకపోతే మాట నెమ్మది. ఒకరోజు పళ్ళెంలో కొండమట్టి తెచ్చి మా గదిలో పెట్టి దానిమీద గ్లాసెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు ఇంకలేదు. తామరాకు మీద పడ్డట్టు గుండ్రంగా దొర్లి పళ్ళెం అంచులోంచి నా చీరమీద పడ్డాయి. మంట వేడికి నేలకి జిడ్డు పట్టింది, మొదటి పెద్దవాన పడితే ఒక్క చుక్క ఇంకదు, బూడిదా బురదా రాళ్ళూ కలిసి వాగులోకి దిగుతాయి, వాగు ఈ బడి గోడ పక్కనే ఉంది అన్నాడు. అందుకే కొండమీద గడ్డి పరుస్తున్నాం, కాలిన మానుల్ని అడ్డంగా పడుకోబెడుతున్నాం, మళ్ళీ వేళ్ళు పట్టుకునేదాకా ఎవరూ రాకూడదు అన్నాడు. నేల కూడా మనలాగే అలిగింది అన్నమాట, దేన్నీ లోపలికి రానివ్వడం లేదు అన్నాను. అతను నవ్వాడు. మైకమ్మ నవ్వలేదు. ఆ పళ్ళెం వంకే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున లేచేసరికి గదిలో నల్లబల్ల తుడిచి ఉంది. మధ్యలో నిలువు గీత. ఎడమవైపు పైన తెలిసినవి అనీ, కుడివైపు తెలియనివి అనీ రాసి ఉంది. ఎడమవైపు, కొండ మూసేది ఆరు నెలలు, స్థలాలు ఎవరికీ అమ్మలేదు, నీళ్ళ బండి తొమ్మిదికి. కుడివైపు, ఇంటికి ఎప్పుడు, వంతెన ఎప్పుడు. నేను కళ్ళజోడు సవరించుకుని, ఆహా అన్నాను, చదివేసినట్టు. మైకమ్మ నా మొహంలోకి చూసింది. అక్కా, అది తలకిందులుగా పెట్టుకున్నారు అంది. కళ్ళజోడు నిజంగానే తలకిందులుగా ఉంది. గదంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆమె నవ్వులో కలవకుండా, బల్ల పక్కన నిలబడి, మొత్తం నాకోసం పైకి చదివింది. మూడుసార్లు. రెండోసారికే పక్క గదివాళ్ళు గుమ్మం దగ్గరికి వచ్చారు.

ఆ రోజునుంచి అదే అలవాటైంది. ఆఫీసుకి, గార్డు దగ్గరికి, డిపోకి తనే తిరిగి అడిగి వచ్చేది. చూసిందీ విన్నదీ విడిగా రాసేది. తెలియంది తెలియదనే చదివేది. ఇరవై రెండేళ్ళలో ఆ గొట్టాల్లోంచి తెలియదనే మాట ఒక్కసారైనా రాలేదని నాకప్పుడు తోచింది. మొదట్లో జనం విసుక్కున్నారు, తెలియదని చెప్పడానికి బల్లెందుకు అని. తర్వాత పుకారు ఏది పుట్టినా, బల్లమీద ఉందా అని అడగడం నేర్చుకున్నారు. దర్జీగారి భార్య కూడా దుప్పటి పక్కకి జరిపి వినేది. మెడలో కొలత టేపు వేసుకునే ఉండేది, కొలవడానికి ఏమీ లేకపోయినా.

ఒక ఉదయం దర్జీగారి భార్య లేచి, అందరూ చూస్తుండగా సుద్దముక్క తీసుకుని, తెలియనివాటి కింద ఒక వరస రాసి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఏం రాసిందే అని మైకమ్మని అడిగాను. మైకమ్మ చదవలేదు. ఆ బల్లమీద ఉన్నదాన్ని ఆమె చదవకపోవడం అదే మొదటిసారి. నేనే దగ్గరికి వెళ్ళి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆ రోజు ఖాళీ చేయమన్న మాట ఎన్నింటికి వచ్చింది. నాకంత సేపు పట్టింది కాబట్టి గదిలో అందరూ నాతో పాటే మెల్లగా విన్నారు.

మూడు రోజులు మైకమ్మ రోజూ బల్ల తుడిచి కొత్తగా రాసింది, ఆ ఒక్క వరస చుట్టూ గుడ్డ తిప్పుకుంటూ. దాన్ని చెరపలేదు, జవాబు రాయలేదు. మూడో రోజు పెద్దగుమస్తా వచ్చాడు. మర్యాదస్తుడే, కానీ ఆ తాళంచెవి ఆయన జేబులోదే కదా. ఆ ప్రశ్న చెరిపేయమ్మా, విచారణ జరుగుతోంది, మనం ఏమీ రాయకూడదు అన్నాడు.

"ఇది ముద్ర ఉన్న కాగితమాండీ, నోటిమాటా?" అంది మైకమ్మ.

ఆయన చెయ్యి తాళంచెవి ఉన్న జేబుమీదికి పోయింది. మా మరిది గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మైకమ్మ నావైపు చూసింది. వద్దని తలూపడానికి నాకు అప్పుడు కూడా అవకాశం ఉంది. మెడ కదల్లేదు. అది ధైర్యమో, ఆ దుప్పటి గోడ పక్కన ఇంక ఉండలేక తెగింపో నాకిప్పటికీ తెలియదు.

ఎడమవైపు రాసింది. గోటితో బల్ల చెక్కమీద రెండుసార్లు కొట్టింది.

"ఊరివారికి ఒక మాట. చీటీ మూడు గంటలకి వచ్చింది. ముద్ర లేదని నేను చదవలేదు. మూడూ ఇరవై అయిదుకి చదివాను."

మూడుసార్లు చదివింది.  ఎవరో స్టీలు గ్లాసు విసిరారు, బల్లకి తగిలి నా కాళ్ళ దగ్గర దొర్లింది. దర్జీగారి భార్య మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఏం చేశావు?"

"పాత కాగితమే ఇంకో రెండుసార్లు చదివాను."

ఆమె దుప్పటి దించేసుకుంది.

తర్వాతి మూడు వారాలు మమ్మల్ని మనుషుల్లో లెక్కవేయలేదు. బిందెల వరసలో మా బిందె వెనక్కి జరిగేది. నేను మాట కలపబోతే ముఖం చాటేసేవారు, నాలాంటిదానికి అంతకన్నా శిక్ష లేదు. మరిది డిపోలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. మైకమ్మ మాత్రం రోజూ బల్ల రాసింది, వినేవాళ్ళు లేకపోయినా చదివింది. గార్డు చెప్పిన వాన లెక్క కూడా అలాగే రాసింది. వాకిట్లో ఒక రేకు డబ్బా పెట్టాలి, గంటలోపు వేలెడు ఎత్తు నీళ్ళు నిండితే అందరూ బడి వదిలి వాగుకి దూరంగా మిట్టమీదున్న డిపోకి పోవాలి. అది విని బిందెల వరసలో ముందున్న నలుగురు పెదవి విరిచారు.

వాన ఒకరోజు పదకొండింటికి మొదలైంది. మొదటి చినుకులు పడగానే జనం సంబరంగా చేతులు బయట పెట్టారు, బూడిద కంపు అణిగిందని. మైకమ్మ గొడుగైనా లేకుండా డబ్బా పక్కన గొంతుక్కూర్చుంది. అరగంటకే వేలు మునిగింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెద్దగుమస్తా వరండాలో నిలబడి, పైనుంచి ఆదేశం రానీ, ఇంత మందిని వానలో నడిపిస్తే రేపు ఎవరు జవాబు చెబుతారు అంటున్నాడు. ఆమె తడిసిన చీరతో వరండా మెట్టెక్కింది. గొట్టం లేదు, మైకు లేదు. గోటితో స్తంభంమీద రెండుసార్లు కొట్టింది, ఆ వానలో అది ఆమెకైనా వినపడి ఉండదు.

"ఊరివారికి ఒక మాట. కాగితం రాలేదు. ముద్ర లేదు. డబ్బాలో వేలు మునిగింది, నేను చూశాను. వాగు నల్లగా వస్తోంది, అదీ చూశాను. బురద దిగుతుందో లేదో నాకు తెలియదు. అందరూ డిపోకి నడవండి."

ఎవరూ కదల్లేదు. అందరి కళ్ళూ దర్జీగారి భార్యమీద పడ్డాయి. వెళ్ళమని ఆమె చెప్పాలన్నట్టు చూశారు. మైకమ్మ రెండోసారి చెప్పేదాకా ఆమె విన్నది. మూడోసారికి ఆగలేదు. టేపు చుట్టి సంచిలో వేసుకుని, గది లోపలికి ఒకసారి వెళ్ళి వచ్చి, తలమీద కొంగు కప్పుకుని వానలోకి దిగింది. ఆమె వెనక ఒక్కొక్కరే దిగారు. నన్ను మైకమ్మ రెక్క పట్టుకుని నడిపించింది. మోకాళ్ళు నొప్పి అని నేను తిడుతూనే నడిచాను.

డిపోలో నిలబడ్డ బస్సుల్లో కూర్చున్నాం. అద్దాలకి ఆవిరి పట్టింది. గంట గడిచింది. ఏమీ రాలేదు. ఉత్తపుణ్యానికి తడిపి చంపింది అని వెనక సీట్లో ఎవరో మొదలుపెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. మైకమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుంది. బురద రావాలని కోరుకోవాలో, రాకూడదనుకోవాలో తెలియక నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు ఒక చప్పుడు వినపడింది. లారీలోంచి కంకర దింపినట్టుంది, కాకపోతే దింపడం ఆగలేదు.

సాయంత్రం మరిది వెళ్ళి చూసి వచ్చాడు. వదినా, మన గదిలో బురద నల్లబల్ల అంచు దాకా ఉంది అన్నాడు.  భార్య పక్కన కూర్చున్నాడు. వెనక సీటులో సణుగుడు ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మెచ్చుకోలేదు.

మర్నాటినుంచి బస్సులే ఇళ్ళయ్యాయి. కదలని బస్సులో కిటికీ సీటు కోసం జనం కొట్టుకున్నారంటే నమ్ముతారా. నేనూ కొట్టుకున్నాను, గెలిచాను. అక్కడినుంచి చూస్తే కొండ కనపడుతుంది. నల్లటి మోళ్ళ మొదళ్ళలో అక్కడక్కడా పచ్చగా ఏదో చిగురు. కానీ తాడు అలాగే ఉంది. ఆరు నెలలన్నది ఇప్పుడు ఇంకో వర్షాకాలం దాకా అన్నారు.

పొద్దున్నే దర్జీగారి భార్య మా బస్సెక్కింది. మైకమ్మ లేచి నిలబడింది. ఆమె సంచిలోంచి గుప్పెడు సుద్దముక్కలు తీసింది. బడి వదిలేముందు గదిలోకి వెళ్ళింది వాటికోసమన్నమాట. మైకమ్మ చేతికి ఇవ్వలేదు, సీటుమీద పెట్టింది.

"నీళ్ళ బండి ఎన్నింటికో రాయి. నీ గురించి మాత్రం ఏమీ రాయకు."

దిగిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా మైకమ్మతో ఆమె ఇంకో మాట మాట్లాడలేదు. ఆమె బస్సు మా పక్కదే. రోజూ పొద్దున అద్దం దించి వింటుంది, చదవడం అయిపోగానే అద్దం ఎత్తేస్తుంది.

మైకమ్మ బస్సు వెనక రేకుమీద నిలువు గీత గీసింది. ఎడమవైపు నీళ్ళ బండి తొమ్మిదికి. కుడివైపు మొదటి వరస ఏమిటో ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు, అది బడిలో బల్ల రాసిన మొదటి రోజునుంచీ మారలేదు. ఇంటికి ఎప్పుడు. ఇవాళ కూడా మూడుసార్లు చదివింది.